ఉండు నాయనా

సౌదీల బురైదా ఖర్జూరం తోటల కొత్తగ ట్రాక్టర్ ఎక్కిన నాడు, ఎడారిల గింత చలి ఉంటదని నాకు తెల్వదు. ఒక పొద్దున గేర్ ఎంత గుంజినా పడలే. మా యజమాని, అరబ్బు కఫీల్, కారుల కూసొని "యల్లా, యల్లా" అని తొందరపెట్టుకుంట ఒకటే హారన్. భయానికి బలంగ నూకితే గేర్‌బాక్స్ కర్రుమన్నది. అది పగిలితే నన్ను ఇంటికి పంపుడే.

మా తోటల మెకానిక్, కడప భాయ్ ఉరికొచ్చి నా చేతి మీద చెయ్యేసిండు.

"ఉండు నాయనా. సలికి లోపల నూనె చిక్కబడిండాది. ఇంజన్‌ను రోంతసేపు ఆడనీ."

ఫ్లాస్కుల చాయ్ గ్లాసుల పోసి సీదా కఫీల్ చేతికిచ్చి, ఆయనతోని గూడ "ఉండు నాయనా" అన్నడు. ఆయన తాగుడు అయ్యేసరికి గేర్ మెత్తగ పడ్డది. తర్వాత చలికాలమంత అదే మాట, అదే చాయ్. కఫీల్ నన్ను ఒక్కనాడు గూడ తిట్టలే.

పోయినేడు ఫ్లాస్కు నాకిచ్చి భాయ్ కడపకు పోయిండు. ఇప్పుడు చలి పొద్దున కఫీల్ కారు దిగంగనే నా దిక్కు చెయ్యి చాపుతడు: "ఉండు నాయనా!"

అది చాయ్ పేరనుకుంటున్నడు. నేను దిద్దలే. గ్లాసు నిండ పోసిస్త. ఆయన తాగినంతసేపు ఇంజన్ ఆడుతది, నా చేతి మీద భాయ్ చెయ్యి ఉన్నట్టే ఉంటది.