మేకుతో గీసిన గీత

బోధన్‌లో చెరకు బండ్లు ఆగేచోట షెడ్డు వేసుకున్న ఆ మిస్త్రీ ఎదుటి మనిషి కళ్లలోకి చూసేవాడు కాదు. ఏమడిగినా పానాను చొక్కాకు తుడుస్తూ "అయితది సార్, ఫికర్ వద్దు" అనేవాడు. ఆ మాటకే నాకు ఫికర్ పుట్టేది.

మిలిటరీ వేలంలో చవగ్గా దొరికిన పాత జీపు నాది. దాన్ని బాగుచేయించి, పిల్లలతో వెళ్లి మంజీర ఒడ్డున డేరా వేసుకోవాలని ఆశ. మిస్త్రీలు మంచి సామాను తీసేసి తుక్కు బిగిస్తారని ఎవరో చెప్పారు. అందుకే బండి అప్పగించేముందు ఇంజను సామాను మీదంతా మేకుతో సన్నగా గీతలు గీశాను. ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత బానెట్ ఎత్తి వెతికాను. ఒక్క గీతా తప్పిపోలేదు. కానీ అన్నీ ఇప్పుడే గీసినట్టు తళతళలాడుతున్నాయి.

మిస్త్రీ పానా కింద పెట్టి, మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"తుప్పు గీకితే మీ గీతలు గూడ పోయినయ్ సార్. మళ్ల నేనే గీసిన. లేకుంటే మీకు నిద్ర పట్టదు గద!"

మంజీర ఒడ్డున పిల్లలు డేరాలో హాయిగా పడుకున్నారు. నేను మాత్రం జీపు వైపే చూస్తూ కూర్చున్నాను. గీతలు సరే, వాటి కింద ఉన్నది నా ఇనుమేనా?