మాలింగే అడవిలో ఈల

మా జసమతి పిన్ని భర్త నందధోజ్ చిన్నాన్న మాలింగే అడవిలోకి వెళ్ళింది ఒక చలికాలపు పొద్దున. చౌరీ ఆవు ఒకటి మందలోంచి తప్పిపోయిందనీ, వెతికి తోలుకొస్తాననీ చెప్పి, గొర్రెబొచ్చు కోటు తొడుక్కుని నడుముకు ఖుకురీ కత్తి దోపుకుని బయల్దేరాడు. మధ్యాహ్నానికల్లా కొండంతా పొగమంచు కమ్మేసింది. సాయంత్రం చౌరీ తనంతట తానే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆయన రాలేదు.

ఊరంతా కలిసి వెతికాం. లోయల్లోకి తాళ్ళేసుకుని దిగిన వాళ్ళకు కూడా ఏమీ దొరకలేదు. మా పాంచ్‌థర్ కొండల్లో ఇలా దుర్మరణం పాలైన వాణ్ణి సోఘా అంటాం. ఎముక అయినా దొరికి, దేవతల్ని ఒంట్లోకి పిలిచే మా పూజారి యెబా వచ్చి దారి చూపించి సాగనంపాలి. లేకపోతే అతను చనిపోయిన పెద్దల దగ్గరకు పోడు, పడినచోటే తిరుగుతూ ఉంటాడు.

చిన్నాన్నకు మందను ఈలతో పిలిచే అలవాటుండేది. సన్నగా మొదలై, చివర పైకి లేచే ఈల. మరుసటి చలికాలం వెదురు కోయడానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఆ ఈల విన్నారు. బుట్టలూ కొడవళ్ళూ అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత మందలు కాసే హస్తబీర్, తన కుక్కలు కూడా అడవి అంచున ఆగిపోయి మూలుగుతున్నాయని చెప్పాడు. దాంతో మాలింగేకి రాకపోకలు ఆగిపోయాయి. మనిషి అడుగు పడక సన్నవెదురు గోడకట్టినట్టు పెరిగింది. చెట్లకు నాచు గడ్డాల్లా వేలాడింది. అందులోకి వెళ్ళేది పిన్ని ఒక్కతే.

"నీకు భయం వెయ్యదటే?" అని మా అమ్మ అడిగింది.

"నా మొగుడే కదా దిదీ. బతికున్నప్పుడే నన్నేం చెయ్యలేకపోయాడు, ఇప్పుడేం చేస్తాడు?"

కొన్నాళ్ళకు జిల్లా కేంద్రం నుంచి అడవి జంతువుల్ని కాపాడే వాళ్ళెవరో వచ్చారు. బయటివాళ్ళు ఎర్ర పాండా అనే హాబ్రే మాలింగేలో ఇంకా ఉందనీ, చుట్టుపక్కల కొండల్లో కరువైపోతోందనీ, రోజూ అడవిలో తిరిగి ఉచ్చులు తీసేసి, ఆ జంతువుల మంచిచెడ్డలు చూసే మనిషి కావాలనీ అన్నారు. మా మగవాళ్ళంతా తలొంచుకుని తోంగ్బా కల్లు గొట్టాలతో పీల్చుకుంటూ కూర్చున్నారు.

"నేనెలాగూ పోతూనే ఉన్నా," అంది పిన్ని.

హాబ్రే మీద ఆమెకు ప్రేమేమీ లేదు. ఎవరికీ జవాబు చెప్పుకోకుండా మొగుణ్ణి వెతుక్కోవచ్చని ఒప్పుకుంది. ఈ సంగతి తర్వాత తనే నాతో చెప్పింది.

ఒకసారి నేనూ ఆమెతో వెళ్ళాను. అది పట్టపగలే. కానీ లోపలికి వెళ్ళేకొద్దీ వెలుగు బూడిదరంగుకు తిరిగింది. మా అడుగుల చప్పుడు నాచులో ఇంకిపోయింది. ఒక కొమ్మ మీద హాబ్రే కూర్చుని ఉంది. ఇటిక రంగు ఒళ్ళు, నల్లటి పొట్ట, కళ్ళ కిందనుంచి దవడలదాకా ఏడ్చి చెరుపుకున్నట్టు చారలు. అది పారిపోలేదు. మమ్మల్ని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

పిన్ని పెదాలు తడుపుకుని ఈల వేసింది. అదే ఈల. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెదురు లోపల్నించి జవాబొచ్చింది. ఆమె మళ్ళీ వేసింది. ఈసారి జవాబు దగ్గర్నించి వచ్చింది. ఆ తర్వాతది నా వీపు వెనకనుంచి.

"వెనక్కి తిరక్కు," అంది పిన్ని మెల్లగా.

"ఎందుకు?"

"తిరిగితే పోతాడు."

నా మెడ మీద చల్లటి గాలి తగిలింది. నేను తిరగలేదు. పిన్ని మొహంలో భయం లేదు. చాలాకాలానికి ఇంటికొచ్చిన మనిషికి తలుపు తీస్తున్న మొహం అది. నేను మళ్ళీ ఆమెతో వెళ్ళలేదు.

ఆపై వానాకాలంలో, పొగమంచు కొమ్మకొమ్మకూ పట్టిన ఒక మధ్యాహ్నం, పడిపోయిన మాను మీదుగా ఒక హాబ్రే తల్లి నడిచి వెళ్ళడం పిన్ని చూసింది. నోట్లో మెడ పట్టుకుని పిల్లను మోసుకెళుతోంది. జాగా నచ్చకపోతే అవి పిల్లల్ని మారుస్తూ ఉంటాయి. పిన్ని దూరం పాటిస్తూ వెనకే నడిచింది. తాను ఎన్నడూ దిగని ఒక చరియ కిందకు దిగింది. అక్కడ ఒక ముసలి సింధూర వృక్షం, దాని మొదట్లో మనిషి దూరేంత తొర్ర. తల్లి పిల్లను లోపల పెట్టి, ఇంకో పిల్ల కోసం వెళ్ళిపోయింది.

పిన్ని వంగి చూసింది. కళ్ళింకా తెరవని పిల్ల ఒకటి ఎండు వెదురాకుల మీద ముడుచుకుని ఉంది. ఆకుల కింద నల్లటి గొర్రెబొచ్చు పరిచి ఉంది. పీకి, దువ్వి, గుండ్రంగా చుట్టిన బొచ్చు. అందులో ఒక కొమ్ముగుండీ కనబడింది. ఆ గుండీని కుట్టింది తనే.

తొర్ర వెనక గోడకు ఆనుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. ఎముకలే. ఒక కాలి ఎముక రెండుగా విరిగి ఉంది. చరియ మీదనుంచి పడి, పాక్కుంటూ ఇక్కడిదాకా వచ్చి ఉంటాడు. పక్కన ప్లాస్టిక్ సంచి. అందులో ఉచ్చులుగా మడిచిన మోటారుసైకిలు బ్రేకు తీగ, దాని కింద ఒక పుల్లకు గుచ్చిన తోకలు. హాబ్రేల ఉంగరాల చారల తోకలు. తప్పిపోయిన చౌరీ కోసం ఆయన వెళ్ళలేదని ఆమెకు అర్థమైంది. ఆ చౌరీని మందలోంచి తోలేసింది కూడా ఆయనేనేమో.

అప్పుడు ఆమె తలమీద కొమ్మల్లోంచి ఈల వినిపించింది. ఈల వేస్తూ తల్లి హాబ్రే తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళూ తనతో మాట్లాడింది ఆ ఈలే.

పిన్ని ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరంతా చరియ దిగుతుంది, యెబా డప్పు మోగుతుంది, తల్లి పిల్లల్ని వదిలేసి పోతుంది. చెప్పకపోతే మొగుడు సోఘాగానే ఉండిపోతాడు. రోజూ అటు వెళ్ళి దూరంగా నిలబడి చూసి వచ్చేది. తిండి తగ్గిపోయింది. ధిండో సంకటి గిన్నె ముందు పెట్టుకుని అలాగే కూర్చునేది. పిల్లలు తొర్ర వదిలి కొమ్మలెక్కడం మొదలుపెట్టాక, కోతల రోజుల్లో, యెబా కర్ణసింగ్ తాత దగ్గరికి వెళ్ళింది.

"ఏం పని మీద పోయాడు?" అని ఆయన అడిగాడు. "అబద్ధం చెబితే దారి తప్పుతాడమ్మా. అందరి ముందూ చెప్పాలి."

ఆమె అందరి ముందూ చెప్పింది. వెంట తెచ్చిన తోకల సంచి విప్పి చూపించింది. చిన్నాన్న తమ్ముడు లేచాడు.

"చచ్చినోడి పరువు తీస్తావా వదినా? ఇంతకాలం ఏడ్చింది ఇందుకా?"

"ఏడ్చింది ఆయన కోసమే. ఈ తోకలు కూడా ఆయనవే. ఏది దాచమంటావు, చెప్పు."

అతను మళ్ళీ కూర్చున్నాడు.

యెబా డప్పు అందుకుని చాలాసేపు దేవతల్ని పిలిచాడు. వణుకు మొదలైంది. కళ్ళు మూతపడ్డాయి. అప్పుడు ఆయన నోట్లోంచి వేరే గొంతు వచ్చింది. ముక్కుతో మాట్లాడే చిన్నాన్న గొంతు.

"చలేస్తోంది. నా కోటు తీసుకుపోయాయి."

కోటు సంగతి పిన్ని తాతకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆమె లేచి ముందుకు వచ్చి, "ఉండనియ్యి. పసిపిల్లలకు కప్పాయి. నువ్వు పో," అంది. ఇంట్లో పొయ్యిదగ్గర కూర్చున్నవాడితో మాట్లాడినట్టే అంది. యెబా వణుకు ఆగింది. తొర్రలోంచి తెచ్చిన ఎముకల ముందు కోడిని కోసి, చచ్చినవాడికి దారి చెప్పి సాగనంపాం.

కానీ హస్తబీర్‌కు అదే అదను దొరికింది. దయ్యం వదిలిపోయింది కాబట్టి ఇక ఏళ్ళతరబడి పెరిగిన వెదురు తనదే అనుకున్నాడు. కుక్కల్ని వెంటేసుకుని, కొడవలి నూరుకుని మాలింగేకి వెళ్ళాడు. పిన్ని దారికి అడ్డంగా నిలబడినా వినలేదు. మధ్యాహ్నం కాకముందే తిరిగి వచ్చాడు. చేతిలో ఒక్క వెదురు బద్ద కూడా లేదు. ఆయన కన్నా ముందే కుక్కలు ఇల్లు చేరాయి. పిన్ని గుమ్మంలో కూలబడి నీళ్ళు అడిగాడు.

"దిదీ, ఆయన్ని పంపించేశాం కదా?"

"పంపించాం."

"మరి ఈల ఎవరిది?"

"హాబ్రేది. నా కళ్ళతో చూశాను."

హస్తబీర్ నీళ్ళ లోటా కింద పెట్టేశాడు. "హాబ్రే మనిషిని పేరుపెట్టి పిలుస్తుందా?"

పిన్ని ఆ లోటా తీసి పక్కన పెట్టింది. "నన్నెప్పుడూ అలా పిలవలేదు," అంది. ఆ మాటలో కొంచెం ఈర్ష్య ఉన్నట్టు నాకు అనిపించింది.

ఆ చలికాలం ఊరి కూటంలో మాలింగేలోకి కుక్కల్ని తీసుకెళ్ళకూడదనీ, వెదురు కోయకూడదనీ కట్టుబాటు చేసుకున్నాం. భయంతో చేసుకున్నదే, నేను కాదనను. కానీ బుట్టలల్లడానికి వెదురు కావాలి కదా. పిన్ని తూర్పు వాలు నుంచి వెదురు దుంపలు తవ్వి తెచ్చి, యాలకుల తోటల గట్ల మీద నాటడం మొదలుపెట్టింది. మొదటి దుంప హస్తబీర్ పొలంలోనే పెట్టింది. ఆయన గుంట తవ్వాడు, ఆమె మట్టి తొక్కింది. ఆ రెండు జాములూ ఆయన మాలింగే ఉన్న పడమటి కొండ వైపు వీపు పెట్టే పని చేశాడు. ఇప్పుడు మా ఊరి బుట్టలన్నీ ఆ గట్ల వెదురుతోనే అల్లుతున్నాం.