నేను వెళ్లాకే పడిపోయే లింగయ్య

2023, వానకాలం. సూర్యాపేటలో ఒక హోమ్ కేర్ సంస్థలో నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోగుల దగ్గరికి మేమే వెళ్లి కట్లు మార్చడం, బీపీ, షుగరు చూడడం, నడక నేర్పడం మా పని. అంతకుముందు పన్నెండేళ్లు వార్డులో చేశాను. వార్డులో రోగి మన మాట వినాలి. ఇంట్లో మనం వాళ్లకు చుట్టాలం, వాళ్ల పద్ధతి మనం వినాలి. ఈ తేడా నాకు బాగా తెలుసనే అనుకునేదాన్ని.

మంగళ, శుక్రవారాలు నా డ్యూటీ మిర్యాలగూడ వైపు. బస్టాండులో దిగి వేములపల్లి ఆటో ఎక్కితే, ఊరి మొదట్లోనే లింగయ్య ఇల్లు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు కాంటా దగ్గర బస్తాలు తూచిన మనిషి. మిల్లు ముందర జారిపడి ఎడమ తుంటి విరిగితే ఆపరేషన్ చేసి కీలు మార్చారు. కొత్త కీలు కుదురుకునేదాకా కొన్ని నిషేధాలుంటాయి, వాటిని మేం హిప్ ప్రికాషన్స్ అంటాం. నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, నడుం వంచి కిందికి వంగకూడదు. వంగితే కీలు తప్పుకోవచ్చు. తప్పుకుంటే మళ్లీ ఆపరేషన్, దానికి ఆయన గుండె తట్టుకోదని డాక్టరు ముందే చెప్పారు. అంటే ఈ మనిషి పడకూడదు, వంగకూడదు. నాకు అప్పజెప్పిన పని అంతే.

వాళ్లది పెంకుటిల్లు. నడింట్లోంచి వసారాలోకి రావాలంటే బెత్తెడెత్తు చెక్క గడప దాటాలి. వాకర్ పట్టుకున్న మనిషికి అది కొండే. అందుకని మొదటి వారమే అటూ ఇటూ వాలుగా ఉండే చెక్క ర్యాంప్ చేయించి గడప మీద వేశాను. నా బుర్రలో పుట్టిన ఆలోచన కదా, కొంచెం గర్వంగానే ఉండేది. నేను ర్యాంప్ నడిమధ్యన నిలబడి "రా పెద్దయ్యా, భయం లేదు" అని పిలిస్తే, ఆయన బుద్ధిగా వాకర్‌తో ఎక్కి దిగేవాడు. అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు. తర్వాత గడప పక్కన ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, లేవొద్దని చెప్పి బయలుదేరేదాన్ని. మిగతా రోజుల్లో ఆయన భార్య సత్తెమ్మ ర్యాంప్ తీసి గోడకు ఆనించేది. ఆయన నడింట్లోనే తిరిగేవాడు, కమోడ్ కుర్చీ కూడా లోపలే.

రెండో వారం శుక్రవారం, నేను బస్టాండు చేరకముందే వాళ్ల కొడుకు మల్లేశ్ ఫోన్ చేశాడు.

"మేడం, నాయిన పడ్డడు. జర జల్ది రాండ్రి."

ఉరుకులు పరుగుల మీద వెనక్కి వెళ్లాను. లింగయ్య గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మోచెయ్యి గీరుకుపోయింది. దేవుని దయ, తుంటికి ఏమీ కాలేదు.

"కుర్చీలోంచి ఎందుకు లేచినవ్ పెద్దయ్యా?"

"ఊకెనే లేసిన బిడ్డా. కండ్లు తిరిగినయ్." నా ముఖం వైపు చూడకుండా అన్నాడు.

రోగి పడితే మేం ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి, అంటే ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని. కారణం దగ్గర "కళ్లు తిరగడం" అని రాశాను. మంగళవారం వెళ్లి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాను. లేచినప్పుడు బీపీ పడిపోతే కళ్లు తిరుగుతాయి మరి. తేడా ఏమీ లేదు. షుగరు బాగుంది. అలసిపోతున్నాడేమోనని నాలుగుసార్లు నడిపించేది రెండుసార్లకు తగ్గించాను. ఆ శుక్రవారం మళ్లీ పడ్డాడు. అదే చోటు, అదే మాట, నేను వెళ్లిపోయిన పావుగంటకే.

నాకు మతి పోయింది. డాక్టరుతో మాట్లాడితే బీపీ మాత్ర సగం చేశారు. వాకర్ కాళ్లకు రబ్బరు బుష్‌లు మార్చాను. పొద్దున వెళ్లేదాన్ని మధ్యాహ్నం వెళ్లాను. నేను చూస్తుండగా ఒక్కసారైనా తూలడు. నేను వెళ్లని రోజు అసలే పడడు. నేను వెళ్లిన రోజే, అదీ నేను గేటు దాటాకే పడతాడు. ఇదేం జబ్బో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కోదాడలో ఉండే మా కోఆర్డినేటర్ ప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"కరుణ గారూ, మీరెళ్లని రోజు ఆయనకేం కావట్లేదు. ఏందండీ ఇది?"

"నాకూ అర్థం కావట్లేదు సార్."

"అర్థం కాలేదని రిపోర్టులో రాయలేం కదండీ."

మల్లేశ్ మంచివాడే. అయినా ఆ మాట అనక తప్పలేదు. "మేడం, నేను అంటలేను. వాడకట్టోళ్లు అంటున్నరు, ఆ నర్సమ్మ అడుగు మంచిగ లేదని. ఇంకోపాలి పడితె ఇగ మీరు రాకుండ్రి." ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పన్నెండేళ్ల వార్డు అనుభవం ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టలేకపోయింది.

వీటన్నిటి మధ్య ఇంకో చిన్న చిరాకు. శుక్రవారాల్లో ర్యాంప్ తిప్పి చూస్తే అడుగున పసుపు, కుంకుమ అంటుకుని ఉండేవి. చెక్క జారుతుందని స్పిరిట్ దూదితో తుడిచేసేదాన్ని. తుడుస్తున్నంతసేపూ లింగయ్య నా చేతినే చూసేవాడు. నేనేమో ఆయన బీపీ గురించి ఆలోచిస్తూ ఉండేదాన్ని.

ఆ తర్వాత ఒక మంగళవారం. నడిపించి, కూర్చోబెట్టి బయటికొచ్చాను. వీధి మలుపు దాకా పోయాక బీపీ మిషను కిటికీలో మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. గేటు దగ్గరి నుంచే వసారా, గడప కనిపిస్తాయి. లింగయ్య కుర్చీలోంచి లేచి ఉన్నాడు. వాకర్ పక్కకు నెట్టేశాడు. ఎడమ చెయ్యి దర్వాజా చెక్కకు ఆనించి, నడుం సగానికి వంచి, కుడిచేత్తో ర్యాంప్ అంచున కనిపిస్తున్న గడప కొనను తాకాడు. ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. వణుకుతూ లేచి నిలబడ్డాడు. మళ్లీ వంగాడు.

అరిస్తే ఉలిక్కిపడి అక్కడే కూలిపోతాడు. చెప్పులు విడిచేసి, చప్పుడు చేయకుండా వెళ్లి నడుం చుట్టూ పట్టుకున్నాను. ఆయన బరువంతా నా చేతుల మీద పడింది. ఎలాగో కుర్చీలోకి చేర్చాను. ఇద్దరం ఆయాసపడుతున్నాం.

"ఏం చేస్తున్నవ్ పెద్దయ్యా? కీలు తప్పితే నీ ప్రాణం పోతది, తెలుసా?"

ఆయన దొంగతనం చేసి దొరికినట్టు తల దించుకున్నాడు.

"గడప బిడ్డా. మా అవ్వ ఉన్నప్పటిసంది ఎవ్వరం కాలు వెట్టలే. లచ్చిమి ఉండే తావు. నువ్వేమో దాని మీద చెక్క ఏసి ఎక్కమంటివి. చెక్క కింద ఉన్నది గడపనే గదా."

"మరి నాకు చెప్పాలె కదా!"

"ఎట్ల చెప్తమే. సదువుకున్నదానివి. నీ మెడల సిలువున్నది. మా గడప ముచ్చట చెప్తె నువ్వు మనసు కష్టం చేసుకుంటవని ఊకున్న. నువ్వు పొయ్యేదాంక ఆగి మొక్కుకుంటున్న. రెండుసార్లు కాళ్లు నిలవలే."

కళ్లు తిరిగాయన్నది అబద్ధమన్న మాట. నాకు కోపం రాలేదు. చిన్నప్పుడు బైబిలు కాలికి తగిలితే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి, ముందు కళ్లకద్దుకోమనేది. ఇప్పటికీ తగిలితే నా చెయ్యి దానంతటదే పోతుంది. అదే మాట చెబితే లింగయ్య నన్ను తేరిపార చూశాడు.

"మీక్కూడ ఉంటదా?"

"ఎందుకుండదు పెద్దయ్యా!"

వంటింట్లోంచి వచ్చి విన్న సత్తెమ్మ నెత్తి కొట్టుకుంది. దారి చూపించిందీ ఆమే. "గడపైనా దర్వాజైనా ఒక్క సౌకట్టుకున్న చెక్కలే గదనయ్యా. కిందికెందుకు వంగుడు?" అని పసుపు తెచ్చి, ఆయన భుజం ఎత్తున దర్వాజా చెక్కకు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను మరుసటి శుక్రవారానికి వడ్రంగితో ర్యాంప్ కింద నాలుగు కాళ్లు కొట్టించాను, గడపకూ చెక్కకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా. పసుపు రాసినచోటు పక్కనే పట్టుకోవడానికి ఉక్కు కడ్డీ బిగించాం. లింగయ్య ముందుగా ఆ సందు చూపించమని అడిగి, చూసి, నిటారుగా నిలబడే బొట్టును అంటి కళ్లకద్దుకుని దాటాడు. ఆ తర్వాత పడలేదు.

పాత రిపోర్టులు సరిచేద్దామని కారణం గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. తడి నేల, చీకటి, చెప్పులు, తలతిరుగుడు, ఇవే ఉన్నాయి. "ఇతర" అని టిక్ పెట్టి, ర్యాంప్ వేసే ముందు అడగకపోవడం నా తప్పని రాశాను.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. ఆ రోజు ఒకసారి మొక్కినవాడు మళ్లీ ఎందుకు వంగాడు? కర్ర ఊతంతో నడవడం మొదలుపెట్టాక, నా చివరి విజిట్ రోజున అడిగాను. ఆయన చెప్పనని తల అడ్డంగా ఊపాడు. సత్తెమ్మే చెప్పింది.

"ఒకటి ఆయన కాలికమ్మా. ఇంకోటి నీ కాలికి. నువ్వు గడప మీద నిలవడి పిలుస్తుంటివి గదా. తెల్వక తొక్కుతున్నది, పిల్లలు గలది, ఆమెకేం కావొద్దని నీ తరఫున మొక్కిండు."

తన కాలికోసం మొదట వంగినప్పుడు ఆయన ఎప్పుడూ పడలేదట. పడిన రెండుసార్లూ రెండో మొక్కు దగ్గరే పడ్డాడట.

ఆయన పాదాలు తాకబోతే "వంగకు బిడ్డా, నడుం పడతది" అని నవ్వాడు. ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్తే బీపీ మిషను తీయకముందే ఒక మాట అడుగుతాను, మీ ఇంట్లో నేను కాలు పెట్టకూడని చోటేదైనా ఉందా అని. అడిగి, చెప్పులు బయటే విడిచి, గడప దాటి లోపలికి వెళ్తాను.