పెనుకొండలో పండ్లు పెరికిస్తారంట!

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం, మా నాయన కాళ్ళు కడుక్కుంటా అమ్మతో మెల్లగా చెప్తాండాడు. నేను తలుపు చాటున ఉండి విన్నా.

"రేపు హిందూపురంలో పొద్దున రైలెక్కుదాం. పెనుకొండలో దిగి బస్సు పట్టుకుంటే ఆడ పండ్లు పెరికేది అయిపోతాది. అట్లనే ధర్మవరం చూసుకొని సాయంత్రం రైలుకు వచ్చేద్దాం. పిల్లోళ్ళకి ఇప్పుడే చెప్పొద్దు... చెప్తే నిద్రపోరు."

నా గుండె గుబేలుమనింది!

ఎందుకంటే... ముందు ఎండాకాలం "లేపాక్షి బసవన్నను చూపిస్తాం రారా" అని పిలుచుకపోయి, హిందూపురంలో పండ్ల డాక్టరు ముందర కూర్చోబెట్టినారు. బసవన్న లేదు, ఏమీ లేదు... ఒక పన్ను పోగొట్టుకొని ఇంటికొచ్చినా. ఇప్పుడు ఇంకోటి పుచ్చి ఉండాది.

పరిగెత్తిపోయి అక్కకు చెప్పినా. మా అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది... భయపెట్టేదాంట్లో పదేళ్ళు పెద్దది.

"ఒక పన్నుకైతే హిందూపురం చాలు కదరా. పెనుకొండ దాకా పోతాండారంటే... అన్నీ పెరికిస్తారేమో!"

తెల్లారి లేస్తే ఇల్లంతా నెయ్యి వాసన. పండగ లేదు, పబ్బం లేదు... అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తాండాది! నా అనుమానం ఇంకా పెద్దదాయె. మా అవ్వ తలకు నూనె పెడతా, "బాగా తిను నాయనా... మళ్ళీ ఎప్పుడు తింటావో" అనింది. అవ్వ రోజూ అనే మాటే అది. కానీ ఆ పొద్దు నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

రైల్లో ఏమైందో తెలుసా... నాయనే నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టినాడు. శెనక్కాయలమ్మే ఆయమ్మను తనే పిలిచి కొనిచ్చినాడు. అడక్కుండా కొనిచ్చే నాయనను మీరు చూసినారా? నేనైతే అంతకుముందు చూళ్ళేదు!

"బలికి పోయే పొట్టేలును మేపినట్ల మేపుతాండారు" అని అక్క చెవిలో ఊదింది.

నేను పెదాలు బిగించుకొని కూర్చున్నా. నోరు తెరిస్తే కదా పన్ను కనపడేది! ఓళిగ చేతిలోనే ఉండాది... బొగ్గు నుసి పడి నల్లగైపోయింది గానీ నోట్లో పెట్టలేదు.

"ఏమప్పా, నోరు తెరవ్వు? పెనుకొండ కోట కనపడ్తాండాది చూడు" అన్నాడు నాయన.

"ఊఁ" అన్నా.

పెనుకొండలో దిగి బస్సెక్కినాం. కండక్టరు "యాడికప్పా?" అని అడిగినాడు. నాయన ఏదో తోట పేరు చెప్పినాడు.

"ఓ... పండ్లు పెరికేకా! పోండి పోండి. పొద్దున్నుంచి జనాలు పోతానే ఉండారు."

అయ్యో దేవుడా... పెనుకొండ జనమంతా పండ్లు పెరికించుకుంటాండారా!

బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే దారి పక్కన మీసాలాయన ఒకడు నిలబడి ఉండాడు. చేతిలో ఇంత పొడుగు గడ... కొనకు కొక్కెం! హిందూపురం డాక్టరు దగ్గర చిన్న పట్టకారే చూసినా. ఈయన చేతిలో చెట్టంత గడ!

బస్సులో కమ్మీని రెండు చేతులా వాటేసుకొని అరిచినా.

"నేను దిగను! నా పండ్లు బాగానే ఉండాయి! ఎవరితోనూ పెరికించుకోను!"

"ఏం పండ్లురా?" అన్నాడు నాయన.

"నోట్లోవి!"

వెనక సీట్లో ముసలామె నెత్తి కొట్టుకునింది. "ఓరి నా సామీ... నోట్లో పండ్లు కాదురా, చెట్టు మీద మామిడి పండ్లు!"

బస్సంతా ఒకటే నవ్వు. మీసాలాయన కిందనుంచి, "నీ పండ్లు నాకేల అబ్బా, ఊరికే ఇచ్చినా తీసుకోను!" అన్నాడు. అమ్మ నవ్వింది, అక్క నవ్వింది... అంతా చేసింది అదే, సిగ్గు లేకుండా!

మా నాయన ఒక్కడే నవ్వలేదు. కమ్మీ పట్టుకున్న నా చేతులు మెల్లగా విడిపించి కిందికి దించినాడు.

తోటలో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "పెరుకు నాయనా... నీ చేత్తోనే పెరుకు" అన్నాడు. అబ్బబ్బ... ఎండకు వెచ్చగా ఉండే ఆ పండు, మోచేతుల దాకా కారే ఆ రసం... ఏమని చెప్పేది!

అట్లనే బస్సులో ధర్మవరం పోయి, వీధుల్లో మగ్గాల చప్పుడు వింటా తిరిగినాం. సాయంత్రం స్టేషన్లో రైలుకోసం కూర్చున్నప్పుడు నాయన నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"పోయినేడు అబద్ధం చెప్పి పిలుచుకపోయింది తప్పేరా. ఇంగ యాడికి పోయినా చెప్పే పిలుచుకపోతా."

"డాక్టరు దగ్గరికని చెప్తే వస్తాడా వీడు?" అనింది అమ్మ.

"రాకుంటే ఎత్తుకపోతా. కానీ చెప్పే ఎత్తుకపోతా."

బళ్ళు తెరవకముందే ఒక పొద్దు, "పన్ను పెరికించేకి హిందూపురం పోతాండాం" అని మొగం మీదే చెప్పినాడు. ఏడుస్తానే పోయినా... కానీ ఆయన చెయ్యి పట్టుకొనే పోయినా.

మొన్న నా కూతురు ఫోన్ చేసింది. "నాయనా, ఆదివారం అందరం రైల్లో పెనుకొండ పోదాం, అట్లే బస్సులో ధర్మవరం." ఎందుకమ్మా అంటే, "ఊరికే నాయనా" అనింది. నా సంతోషం ఏమని చెప్పల్ల అప్పా... ఊరికే పిలిచే బిడ్డ ఉంటే ఇంగేం కావల్ల!

అయినా మనసు ఊరుకుంటాదా... వాళ్ళు ఇంటికొచ్చినాక మనవరాలిని పక్కకు పిలిచి, "దారిలో డాక్టరు యాడన్నా ఉండాడా?" అని అడిగినా. ఆ పాప ఫోన్ తీసి ఎక్కే రైలు, దిగే స్టేషను, కోట ఫోటోలు అన్నీ చూపించి, "డాక్టరు లేడు తాతా" అనింది.

ఇప్పుడు పోకముందే అంతా చూసేస్తాండాం... పెద్దోళ్ళ మొగాలు చూసి, ఏం జరగబోతాదో అని గుండె దడదడలాడేది మాత్రం లేదు.

మరి మిమ్మల్ని... ఏం చూపిస్తామని చెప్పి, యాడికి పిలుచుకపోయినారు? దాచుకోకుండా రాయండప్పా!