తెర మీద లేని కోటయ్య

గుంటూరులో మా అన్న కొడుకు నడిపే మిర్చి కమీషన్ కొట్టుకు ఈ ఉదయం వెళ్లాను. వ్యాపారం వివరాలన్నీ కంప్యూటర్లో విశ్లేషించి చెప్పే కన్సల్టెంటు అమ్మాయి వచ్చి ఉంది. తెలిసిన సంగతికే రంగులద్ది చూపించేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు చులకన.

తెర మీద పొదిలి రైతు ఒకాయన పేరు ఎర్రగా వెలుగుతోంది. ఏటా మా కొట్టుకే కాయ వేసేవాడు. ఈ ఏడు ఒక్క బస్తా రాలేదు.

"వేరే కొట్టుకు పోయుంటాడు, తీసెయ్యమ్మా" అన్నాడు మావాడు.

"అడిగారా సార్?"

ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"నేను సేద్యం మానేసి చాన్నాళ్లయిందమ్మా. కౌలుకు చేసేది మా కోటయ్య. పొలం కాయితాలు నా పేరునే గదా, బస్తాలు నా పేరునే వేసేవాడు. మొన్న వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. వాళ్లావిడ కాయ కోయించి కళ్లంలోనే కూర్చుంది, ఎవరికి వెయ్యాలో తెలీక. మీకెవరూ చెప్పలేదా?"

కాయ తెచ్చిన రాత్రి కోటయ్య ఈ కొట్టులో బస్తాల మీదే నిద్రపోయేవాడు. మావాడు "ఆ పేరు తీసెయ్యమ్మా" అన్నాడు మెల్లగా.

"ఈ పేరాయన బతికే ఉన్నారు సార్. పోయినాయన పేరు ఇందులో ఎప్పుడూ లేదు. ఆవిడ పేరు చెప్పండి, ఎక్కిస్తాను."

మాలో ఎవరికీ తెలియదు.

మంచి కన్సల్టెంటు దేనికి పనికొస్తుందో ఇవాళ చూశాను. రైతే మా దేవుడని గోడల మీద రాయించుకున్న మిర్చి యార్డు పెద్దలారా, మీ కొట్టుకు ఈ ఏడు ఎవరు రాలేదో మీలో ఒక్కరన్నా చెప్పగలరా?