ఐకాడ్ ఇసుకలో మా బావ కోచింగు

మొన్న పేపర్లో ఆటల పేజీ తిరగేస్తుంటే, ఏదో ఫుట్‌బాల్ జట్టుకు ఎత్తుగడలు వేసే ఆయన్ని ఆ పనిలోంచి తప్పించి చిన్న కోచ్‌గా దించారనీ, ఇక ఆయన పని అయిపోయినట్టేననీ రాశారు. ఆ రాసిన పెద్దమనిషికి మా బావ సంగతి తెలిస్తే అంత తొందరపడేవాడు కాదేమో.

రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతంలో నేనూ మా అక్క భర్తా అబుదాబి ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక పైపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. మన తరంలో దుబాయ్ వెళ్ళొచ్చిన వాళ్ళకు చెప్పక్కర్లేదు, వారంలో శుక్రవారం ఒక్కటే మనది. బట్టలుతుక్కుని, ఇంటికి ఫోన్ చేసుకుని, ఎండ తగ్గాక మేముండే లేబర్ క్యాంపు వెనక ఇసుకలో పక్క క్యాంపు వాళ్ళతో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. బావ జన్మలో బంతి తన్నిన పాపాన పోలేదు గానీ, ఫోర్‌మన్ గనక, ఎవరెక్కడ నిలబడాలో, బంతి ఎవరి నుంచి ఎవరికి పోవాలో చూసే పెద్దరికం ఆయనకే అప్పగించారు. ఊళ్ళో ఏ పెద్దరికమూ ఎరగని మనిషి, అక్కతో ఫోన్లో తన ఒంటి సంగతి కన్నా టీము సంగతే ఎక్కువ చెప్పేవాడు.

ఆయన చేసిందల్లా ఫ్యాక్టరీని తెచ్చి ఇసుకలో పెట్టడం. మెషీన్ వాళ్ళను ముందు, వెల్డర్లను మధ్యన, ప్యాకింగ్ వాళ్ళను వెనక నిలబెట్టి, ఎవరి తావు వాళ్ళు వదలకూడదని కట్టడి చేశాడు. వారమంతా ఆయన కింద పనిచేసేవాళ్ళే కదా, తు.చ. తప్పకుండా పాటించారు, బంతి పక్కనుంచే పోతున్నా, అది తమ సెక్షన్ పని కాదన్నట్టు మర్యాదగా చూస్తూ నిలబడేవారు. వరసగా ఓడిపోయాం. మెస్సులో నవ్వులు మొదలయ్యాక బావ అన్నం ప్లేటు గదికి తెచ్చుకుని తినసాగాడు, వేరే క్యాంపుకు మార్పించుకుని వెళ్ళిపోతానన్నాడు. నాకు దిగులేసింది. ఆ దేశంలో నాకు ఇల్లంటే ఆయనే.

అప్పుడు మా కెప్టెన్, ఒక మలయాళీ క్రేన్ ఆపరేటర్, మా గదికొచ్చి మంచం మీద కూర్చుని తాపీగా అన్నాడు: "భాయ్, ప్లాన్ ఖలాస్. అబ్ కీపర్ కో తుమ్ దేఖో." ఆట మొత్తాన్నీ వదిలేసి గోల్‌కీపర్ ఒక్కణ్ణి చూసుకోమన్నమాట. బావ మొహం చిన్నబోయింది, అయినా మర్నాడు డ్యూటీ అయ్యాక వెళ్ళాడు.

మా కీపర్ ఒక నేపాలీ పెయింటర్, చురుకైనవాడే గానీ కుడివైపు వచ్చిన ప్రతి బంతినీ వదిలేసేవాడు. మైదానం మొత్తం ఒకేసారి చూడమంటే తికమకపడే బావ, ఒక్క మనిషిని చూడమంటే మాత్రం కొత్త వెల్డర్ చేతిని చూసినట్టు చూసేవాడు. "అబ్బయ్యా, వీడి ఎడం మడమ ముందే లేస్తా ఉండాది, అందుకే కుడిపక్క బంతి అందడంలా" అన్నాడు నాతో. ఆ మడమ కుదురుకునేదాకా రోజూ సాయంత్రం ఓపిగ్గా బంతులు విసిరాడు, ఒక్కసారీ గొంతు పెంచలేదు.

పక్క క్యాంపుతో తర్వాతి ఆటలో మావాళ్ళు తావుల కట్టడి లేక బుద్ధిపుట్టినట్టు పరుగెత్తారు, కీపర్ కుడివైపుకు దూకి బంతి పట్టాడు, గెలిచాం. ఆ పూట బావ మెస్సులో అందరి మధ్యా కూర్చుని మారు వడ్డించుకున్నాడు. క్యాంపు మారే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్నో కంపెనీల్లో పనిచేశాను, మంచి ఆఫీసులూ, ముదీర్లనే పెద్ద మేనేజర్లూ ఉన్న చోట్లే. ఒక మనిషి పనికిరాడని తేల్చేయడం అక్కడ ఒక్క మీటింగులో అయిపోయేది. మరి దేనికి పనికొస్తాడో చూద్దామని, వాడి గదికి వెళ్ళి మంచం మీద కూర్చున్నవాణ్ణి మాత్రం మళ్ళీ చూడలేదు.