ఇనుప గుండ్ల బావి

1962. బోగోలు వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక పాలెం. అప్పుడు నేను పంచాయతీ సమితి ఓవర్సీయర్ని. తాగునీటి బావులు తవ్వించడం నా పని. ఆ పనిలో నాకు సాటి లేరని అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పాలెం ఆడవాళ్లు మంచినీళ్లకు ఇసుకలో మైలు దూరం నడిచేవాళ్లు. మార్తమ్మ అనే రైతు తన కొద్దిపాటి చేనులో బావికి చోటిచ్చింది. తవ్వుతుంటే ఇసుకరాయిలో నల్లటి గుండ్లు బయటపడ్డాయి. కొన్ని నిమ్మకాయంత, కొన్ని కొబ్బరికాయంత. మేం వాటిని కాంక్రీషన్లు అంటాం. ఎప్పుడో రాతిలోకి ఇంకిన నీళ్లలోని ఇనుము ఇసుక చుట్టూ పేరుకుని గట్టిపడితే అలా తయారవుతాయి. ఒకటి పగలగొట్టి చూపించాను. పైన తుప్పు పెంకు, లోపల పచ్చటి ఇసుక. ఒక గుండు నా బల్ల మీదికి చేరింది.

నీళ్లు తేటగా పడ్డాయి. పాలెమంతా సంబరం. సాయంత్రానికి బిందెల్లో నీళ్లు ఎర్రబడ్డాయి, వండిన అన్నం తుప్పురంగుకు తిరిగింది. మార్తమ్మ నేలే మంచిది కాదన్నారు. ఇరుగుపొరుగు ఆమెతో మాట్లాడటం మానేశారు.

పంచాయతీ ప్రెసిడెంటు నా దగ్గరికొచ్చాడు. "ఓవర్సీయరు గారూ, పూడ్చేద్దాం. రగతం మాదిరుండాయి నీళ్లు."

మార్తమ్మ పక్కనే ఉంది. "పూడిస్తే నన్ను గూడా అందులోనే ఏసి పూడ్చండయ్యా. ఈ మాట పడి నేనెట్టా బతికేది?"

నాకు ఒళ్లు మండింది. నేను తవ్వించిన బావిని పూడుస్తారా! వారం గడువు అడిగాను.

బల్ల మీది గుండును చూస్తుంటే తట్టింది. గాలి తగిలాకే కదా నీళ్లు ఎర్రబడింది! ఆ గాలేదో ముందే తగిలిస్తే ఇనుము విడిపోతుంది, దాన్ని ఇసుక పట్టుకుంటుంది. గాలి తగిలించడాన్ని ఏరేషన్ అంటాం. బావి పక్కన మెట్లు కట్టించి, తోడిన నీళ్లు వాటి మీదుగా తొట్టిలోకి జారేలా చేశాను. తొట్టి అడుగున ఇసుక, పైన ఆ గుండ్ల ముక్కలే. వాటిని మార్తమ్మే సుత్తితో కొట్టింది.

"ముల్లును ముల్లుతోనే తీస్తా ఉండారా అయ్యా?" అంది నవ్వుతూ. బావిలో నీళ్లు ఎర్రబడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు.

మొదట నీళ్లు మసకగానే దిగాయి. ప్రెసిడెంటు మీసం దువ్వాడు. ఇసుక కుదురుకునే కొద్దీ నీళ్లు తేటపడ్డాయి, బిందెలో నిలవుంచినా ఎర్రబడలేదు. గడువు తీరే రోజున ఆ నీళ్లతో మార్తమ్మ అందరి ముందూ అన్నం వండింది. ప్రెసిడెంటు ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బో, మల్లెపూవులా ఉండాదే!" అన్నాడు. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. పక్కింటావిడ బిందె పట్టుకుని మార్తమ్మ దగ్గరికే ముందుగా వెళ్లింది.

మరుసటి ఏడు తొట్టి ఇసుక మారుస్తుంటే మార్తమ్మ కేకేసింది. "అయ్యా, మీ తొట్టి గుడ్లు పెట్టింది!" ఇసుక అక్కడక్కడా చిన్న ఉండలుగా గట్టిపడింది. పైన తుప్పు పెంకు, లోపల పచ్చటి ఇసుక.

నీళ్ల సంగతి తెలియాలంటే ముందు బయటపడిన రాయిని చూడాలని ఆ బావి నాకు నేర్పింది. కొత్తగా చేరిన ఓవర్సీయర్లకు పాత గుండునూ ఈ ఉండనూ పక్కపక్కన పెట్టి, "ఇది భూమి చేసింది, ఇది నేను చేసింది" అని చూపించేవాణ్ణి. ఒకసారి మార్తమ్మ వింది.

"రాళ్లు కొట్టింది ఎవురయ్యా?" అంది.

అప్పటి నుంచి "మేం చేసింది" అంటున్నాను.